బొంబాయిలో మొదటి బస్సు దారి

నగరాల చరిత్రలు సాధారణంగా కోటలతోను, గవర్నరులతోను, గొప్ప కట్టడాలతోను నిండి ఉంటవి. ఆ నగరాలలోని జనం ప్రతిదినం ఉదయం ఎక్కడ నిలబడి, దేనికొరకు ఎదురుచూచేవారో వాటిలో కనిపించదు. 1926వ సంవత్సరం జూలై 15వ తేదీన బొంబాయిలో ఆఫ్ఘన్ చర్చి వద్దనుండి క్రాఫర్డ్ మార్కెట్టు వరకు మొదటి మోటారు బస్సు నడిచింది. నడి వానకాలం. దారి పొడవు కూడ అధికం కాదు. కాళ్ళలో సత్తువ ఉన్నవాడు గంటకు కొంచెం అటూ ఇటూగా నడిచి దాటగల దూరమే. ఆ దినాన్ని గురించి చరిత్రకారులు ఒక వాక్యం వ్రాసి ముందుకు సాగిపోతారు.

కాని ఆ వాక్యం వద్ద కొంతసేపు ఆగవలసిన అగత్యం ఉన్నది. ట్రాముకు పట్టాలు ఉంటవి. ఒకసారి పరచిన పట్టాలను పెకలించడం సులభం కాదు. బస్సు దారికి నేలమీద అటువంటి ఆనవాలు ఏమీ లేదు. అది కేవలం ఒక నిర్ణయం: బండి ఫలానా చోట ఆగుతుంది, ఫలానా వారిని ఎక్కించుకొంటుంది, వారివద్ద ఇంత పుచ్చుకొంటుంది. ఆ నిర్ణయాన్ని ఎవరు ఎవరికొరకు చేశారన్నదే బస్సు దారి చరిత్ర.

మొదట ఆ దారి రెండు కొసలను చూడవలె. ఆఫ్ఘన్ చర్చి అని జనం పిలిచే సెయింట్ జాన్ దేవాలయం కొలాబాలో ఉన్నది. 1838 మొదలు 1842 వరకు జరిగిన మొదటి ఆఫ్ఘన్ యుద్ధంలో మరణించినవారి స్మారకంగా దానిని కట్టి, 1858లో ప్రతిష్ఠించారు. కొలాబా పూర్వం వేరు ద్వీపం. 1838లో కట్ట పూర్తి అయిన పిమ్మట గాని అక్కడికి అన్ని వేళలలోను పొడికాళ్ళతో పోవడానికి వీలు కలుగలేదు. తరువాత అది సైనిక నివాసాలకు, ప్రత్తి వ్యాపారానికి నెలవు అయినది. రెండవ కొసన ఉన్న క్రాఫర్డ్ మార్కెట్టు 1869లో పూర్తి అయినది. నగరపు మొదటి మునిసిపల్ కమిషనరు ఆర్థర్ క్రాఫర్డ్ పేరు దానికి పెట్టారు. దాని ద్వారాలపై ఉన్న శిల్పాలు రడ్యార్డ్ కిప్లింగ్ తండ్రి లాక్‌వుడ్ కిప్లింగ్ రూపొందించినవి. 1882లో ఈ మార్కెట్టులో విద్యుద్దీపాలు వెలిగినవి. ఐతే వాటిని వెలిగించిన కంపెనీ మరుసటి యేడే మూతపడగా, కూరగాయల బుట్టలు మళ్ళీ గ్యాసు దీపాల వెలుతురునే చూచినవి.

కోట ప్రాంతానికి ఉత్తరపు అంచున ఉన్నది ఆ మార్కెట్టు. దానికి ఇవతల బాంకులు, న్యాయస్థానాలు, ప్రభుత్వ కార్యాలయాలు. అవతల పాయ్‌ధునీ, భేండీ బజారు, కాల్బాదేవి. దొరల భాషలో ‘నేటివ్ టౌను’. మొదటి బస్సు ఆ గడప వరకే వచ్చి, లోపల అడుగు పెట్టకుండ వెనుదిరిగింది. ఇందులో దురుద్దేశం వెదకవలసిన పని లేదు. క్రొత్త బండికి ఛార్జీ ఇచ్చుకోగల జనం ఏ పక్కన ఉన్నారో కంపెనీవారికి తెలుసు.

యాభై రెండేళ్ళకు పూర్వం గుర్రపు ట్రాము అంత సంకోచించలేదు. దాని కథ కూడ ఒక ఆటంకంతోనే ప్రారంభమైనది. అమెరికాలో అంతర్యుద్ధం జరిగిన కాలంలో బొంబాయి ప్రత్తికి లేని గిరాకీ వచ్చి, నగరం డబ్బులో మునిగి తేలింది. ట్రాము నడుపుతామని ఒక అమెరికను కంపెనీ 1865లో అనుమతి కోరింది. అదే యేడు యుద్ధం ముగిసి, ప్రత్తి ధర కూలి, వాటాల జూదం ఆడినవారితో పాటు నగరమే దివాలా ఎత్తినంత పని అయినది. ట్రాము ఆలోచన మూలపడింది. తిరిగి 1873లో బొంబాయి ట్రాము కంపెనీ ఏర్పడగా, 1874 మే 9వ తేదీన గుర్రపు ట్రాములు కదలినవి. కొలాబా నుండి క్రాఫర్డ్ మార్కెట్టు మీదుగా పాయ్‌ధునీకి ఒక దారి; బోరీ బందరు నుండి కాల్బాదేవి మీదుగా అదే పాయ్‌ధునీకి రెండవది.

పాయ్‌ధునీ అంటే కాళ్ళు కడుగుకొనే చోటు. బొంబాయి ఏడు ద్వీపాలుగా ఉన్న కాలంలో పాయ దాటి వచ్చినవారు అక్కడ బురద కడుగుకొని ఊరిలోకి వచ్చేవారని చెబుతారు. బురద కాళ్ళు కడిగిన తావు వరకు బండి ఎక్కి పోవడం ఆనాటి ముసలివారికి వింతగానే తోచి ఉంటుంది.

మొదట ఛార్జీ మూడు అణాలు, టికెట్లు లేవు. మూడు అణాలంటే ఆనాడు కూలివాని దినసరి సంపాదనలో పెద్ద వాటా. జనం ఎక్కే కొద్దీ దానిని రెండు అణాలకు తగ్గించారు. డబ్బివ్వకుండ దిగిపోయేవారు కూడ పెరిగినందున ఆ యేడే టికెట్లు ప్రవేశపెట్టారు. ఛార్జీ తగ్గించితే రాబడి పెరుగుతుందన్న సూత్రాన్ని ఆ కంపెనీ గ్రహించింది. తరువాత వచ్చినవారు దానిని పలుమార్లు మరచి, పలుమార్లు జ్ఞప్తికి తెచ్చుకొన్నారు. ప్రారంభంలో ఆ కంపెనీకి సుమారు 900 గుర్రాలు ఉండినట్లు చెబుతారు. గుర్రానికి గడ్డి కావలె, ఉలవలు కావలె, విశ్రాంతి కావలె. ఎండలో బరువు లాగిన జంతువు ఎంతో కాలం మన్నదు. ఈ ఖర్చే చివరకు విద్యుత్తుకు దారి ఇచ్చింది.

1905లో బొంబాయి విద్యుత్ సరఫరా ట్రాముల కంపెనీ ఏర్పడింది. దాని ఆంగ్ల నామంలోని మొదటి అక్షరాలను కలిపి జనం ‘బెస్ట్’ అన్నారు. 1907 మే 7వ తేదీన మొదటి విద్యుత్ ట్రాము నడిచింది. ట్రాముకు కరెంటు కావలె గనుక, కరెంటు ఇచ్చేవారే బండిని నడపడం ఆనాడు సహజమైన ఏర్పాటు. ఇంటి దీపమూ ఊరి బండీ ఒకే సంస్థ చేతిలో ఉండడం ఆ నగరానికి ఎంత మేలు చేసిందో, ఆ ముడి విడిపోయినప్పుడు ఎంత చిక్కు తెచ్చిందో ముందు ముందు కనిపిస్తుంది.

ఇటువంటి నగరంలోనికి 1926లో బస్సు వచ్చింది. జనం ఉత్సాహంతోనే స్వాగతం చెప్పారు. ఆ యేడు మిగిలిన అయిదున్నర నెలలలో 6 లక్షల మంది ఎక్కారు. మరుసటి సంవత్సరం ఆ సంఖ్య 38 లక్షలకు చేరింది. అంకెలు చూచినవారికి ఇది ఘనవిజయం. కాని ఎక్కినవారు ఎవరని అడిగితే వేరు సంగతి తేలుతుంది. చాల సంవత్సరాల వరకు బస్సు అంటే కలిగినవారి బండి, పై మధ్యతరగతివారి బండి. ట్రాము పేదవాని బండిగానే నిలిచిపోయింది. ఒకే సంస్థ, ఒకే నగరం, కొన్ని చోట్ల ఒకే వీధి; అయినా రెండు బండ్లకు రెండు జనాలు.

కులం పేరిట ఎక్కనివ్వకపోవడమన్నది ఆ బండ్లలో లేదు. టికెట్టు కొన్నవాడు కూర్చోవచ్చును. పక్కనున్నవాని కులం ఏమిటో తెలియక, తెలుసుకొనే వ్యవధి లేక, భుజం భుజం తగులుతూ పోవడం బొంబాయివారికి రైలు, ట్రాము నేర్పిన అలవాటు. సంస్కర్తల ఉపన్యాసాలు చేయలేని పనిని ఇరుకు బల్లలు కొంతవరకు చేసినవని అంటే అతిశయోక్తి కాదు. కాని కులం వదలిన చోట డబ్బు కాపలా కాచింది. అణా ఎక్కువ పెట్టగలిగినవాడు తనకు తగిన పక్కవానిని ఎంచుకోవచ్చును. తొలినాటి బస్సు అతనికి అమ్మినది వేగాన్ని మాత్రమే కాదు.

ఆ బస్సు దారికి ఉత్తరాన మరొక బొంబాయి ఉండినది. 1854లో మొదలైన నూలు మిల్లులు పరేలు, లాల్‌బాగు, వర్లీ ప్రాంతాలలో వృద్ధి పొంది, గిరణ్‌గావ్, అనగా మిల్లుల ఊరు, ఏర్పడింది. చాల్ అనే వసతులలో ఒకే గదిలో ఎనిమిది, పదిమంది తలదాచుకొనే మిల్లు కార్మికులకు ట్రాము సైతం ప్రతిదినపు బండి కాదు. కూత విని నడిచిపోగల దూరంలో ఇల్లు ఉండడమే వారి ప్రయాణ సౌకర్యం. ఈ జనంలో కొంకణం వారు, ఘాట్లవారు, ఉత్తరాదివారు ఉండిరి. నేతపని చేతబట్టుకొని వచ్చిన తెలుగు పద్మశాలీలు ఉండిరి. తెలుగువారి రాక అంతకుముందటి మాటే. నిజాం రాజ్యంనుండి వచ్చిన కామాఠీలనే తెలుగు కూలీలు కట్టడాలకు రాళ్ళు మోసి, వీధులకు కంకర పరిచారు. కామాఠీపురానికి వారి పేరే మిగిలింది. తరువాతి కాలంలో ఆ పేటకు వేరు విధమైన అపకీర్తి రావడంతో ఆ పేరు ఎందుకు వచ్చిందో చాలమంది మరచిపోయారు. బస్సు చక్రం తిరిగిన నేలను చదును చేసినవారి పేటకు మొదటి బస్సు పోలేదు.

1934లో బస్సులు నగరపు ఉత్తర భాగానికి విస్తరించినవి. ఈ విస్తరణ కూడ మిల్లు కార్మికుని తలచుకొని చేసినది కాదు. 1896లో ప్లేగు వచ్చి నగరాన్ని చెండాడగా, ఇరుకు పేటలను సడలించడానికి 1898లో ఇంప్రూవుమెంటు ట్రస్టును ఏర్పరచారు. దాదర్, మాటుంగా పొలాలలో తీరైన వీధులు, చెట్లు, గాలి వెలుతురులుండే ఇండ్లు వెలసినవి. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వకీళ్ళు, దక్షిణాదినుండి వచ్చిన కార్యాలయోద్యోగులు అక్కడ స్థిరపడ్డారు. వారి కొలువు కోటలో, కాపురం దాదర్‌లో. వారికి బండి కావలసివచ్చింది, కోరారు, వచ్చింది. కాని దాదర్ పోవలెనంటే పరేలు దాటక తప్పదు. మధ్యతరగతి కొరకు వేసిన దారి కార్మికుని వాకిట ఆగవలసివచ్చింది. ఒకసారి ఆగిన తరువాత ఎవరు ఎక్కుతారో కంపెనీ చెప్పలేదు. బస్సు అందరిదీ కావడానికి ఏ ఉత్తర్వు కంటెను ఈ భూగోళమే ఎక్కువ తోడ్పడింది.

1937లో రెండంతస్తుల బస్సులు వచ్చినవి. 1940లో కొలాబా, మాహీం నడుమ కొన్ని చోట్ల మాత్రమే ఆగే ‘లిమిటెడ్’ బస్సు మొదలైనది. దేశంలో అటువంటిది అదే మొదటిది కావచ్చును. దక్షిణపు కొసనుండి ఉత్తరపు కొసకు ఒకే బండిలో పోవడం అప్పటికి సాధ్యమైనది. పద్నాలుగేండ్ల క్రితం మార్కెట్టు గడపలో వెనుదిరిగిన దారి నగరమంత పొడవు సాగింది.

1947 ఆగస్టు 7వ తేదీన బొంబాయి నగరపాలక సంస్థ ఈ కంపెనీని స్వాధీనం చేసుకొన్నది. స్వాతంత్ర్యానికి ఎనిమిది దినాల ముందు! ఇందులో జాతీయోద్యమ ప్రతిజ్ఞను చూడాలని మనస్సు ఉవ్విళ్ళూరుతుంది. కాని 1905 నాటి ఒప్పందంలోనే నగరానికి కొనుగోలు హక్కు ఉండినది. గుమాస్తాలు వ్రాసుకొన్న గడువు చరిత్ర గడువుతో కలిసింది, అంతే. అప్పటికి సంస్థకు 242 బస్సులు, 23 దారులు. దినానికి సుమారు 2 లక్షల 38 వేల మంది ప్రయాణికులు. పేరులోని ‘ట్రాములు’ అన్న మాటను తీసి ‘రవాణా’ అని పెట్టారు. ఆంగ్లంలో రెండింటికీ మొదటి అక్షరం ఒకటే గనుక ‘బెస్ట్’ ‘బెస్టు’గానే ఉండిపోయింది.

నగరమే బండికి యజమాని కావడంతో ప్రశ్న మారింది. ఈ దారిలో లాభం ఉన్నదా అని కంపెనీ అడిగేది. ఈ పేటకు బస్సు ఎందుకు లేదు అని కార్పొరేటరు అడగసాగాడు. 1950లోను, 1957లోను నగరపు హద్దులు ఉత్తరానికి జరిగి, దహిసర్, ములుంద్ వరకు బొంబాయి అయినది. బస్సులు ఆ హద్దులను అనుసరించినవి. ట్రాము పట్టాలకు ఈ పరుగు చేతకాలేదు. మోటార్లు కిక్కిరిసిన వీధుల మధ్య ట్రాము అడ్డంకిగా కనిపించింది. ఒక్కొక్క దారిని మూసివేస్తూ వచ్చి, 1964 మార్చి 31వ తేదీ రాత్రి బోరీ బందరు నుండి దాదర్‌కు చివరి ట్రామును నడిపారు. దానిని సాగనంపడానికి జనం వీధులలో నిలిచారు. ట్రాలీ బస్సులను 1962లో ప్రయత్నించి 1971లో మానుకొన్నారు. పేదవాని బండి పోయిన తరువాత కలిగినవాని బండి పేదవానిదైనది. ఇది ఎవరూ తలపెట్టి చేసిన మార్పు కాదు; అందువల్లనే కాబోలు, స్థిరపడింది.

ఆ ఎర్ర బస్సు చుట్టూ ఒక నాగరికతే పెరిగింది. బస్సుల కొరకు వరుసలో నిలబడడం బొంబాయివారి ప్రత్యేకతగా దేశమంతట పేరుపొందింది. తక్కిన నగరాలలో బలం గలవాడు ముందు ఎక్కుతుండగా, ఇక్కడ ముందు వచ్చినవాడు ముందు ఎక్కేవాడు. పంచ్ చప్పుడు చేస్తూ ఇరుకులో దూరి వచ్చే కండక్టరు మరాఠీ, హిందీ, గుజరాతీ కలిపి మాట్లాడేవాడు. అతని లెక్క తప్పితే అణా పైసలు అతని జీతంలోనివే. బస్సు నెత్తిమీద వ్రాసే పేర్లు కాలంతోపాటు మారుతూ వచ్చినవి. హార్న్‌బీ రోడ్డు దాదాభాయి నౌరోజీ రోడ్డు అయినది. ఫ్లోరా ఫౌంటెన్ వద్ద 1955 నవంబరులో సంయుక్త మహారాష్ట్ర కొరకు ఊరేగినవారిపై కాల్పులు జరిగినవి; ఆ ఉద్యమంలో నూటికి పైగా ప్రాణాలు పోయినవి; ఆ కూడలి హుతాత్మా చౌక్ అయినది. విక్టోరియా టెర్మినస్‌కు 1996లో ఛత్రపతి శివాజీ పేరు వచ్చింది; అంతకు ముందుటేడు నగరమే ముంబయి అయినది. క్రాఫర్డ్ మార్కెట్టుకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరు పెట్టినప్పటికీ జనం నాలుక పాతపేరును వదలలేదు. శూద్రులకు, స్త్రీలకు చదువు చెప్పిన మహనీయుడు ఆయన. ఆ పేరు నోటికి రాకపోవడంలో అలవాటు పాలు ఎంతో, అలక్ష్యం పాలు ఎంతో తేల్చడం కష్టం.

బస్సులలో వచ్చే నష్టాన్ని అనేక సంవత్సరాలు కరెంటు రాబడితో పూడ్చారు. దక్షిణ బొంబాయిలో దీపం వెలిగించుకొనేవాడు ఘాట్‌కోపర్‌లో బస్సు ఎక్కేవాని ఛార్జీలో కొంత తనకు తెలియకుండానే చెల్లించేవాడు. ఇది న్యాయమా అన్న ప్రశ్నకు రెండు పక్షాల వాదనలు ఉన్నవి. 2003 విద్యుత్ చట్టం తరువాత ఒక పద్దులోని డబ్బును ఇంకొక పద్దుకు మళ్ళించే పద్ధతికి క్రమంగా అడ్డులు ఏర్పడినవి. గుర్రాల స్థానంలో కరెంటు వచ్చిన నాడు వేసిన ముడి నూరేండ్ల తరువాత విడిపోగా, బస్సు ఒంటరి అయినది. ఒకప్పుడు నాలుగు వేలకు మించిన బస్సుల సంఖ్య తగ్గుతూ వచ్చింది. 2019 జనవరిలో సిబ్బంది తొమ్మిది దినాలు సమ్మె చేశారు. ఆ యేడు జూలైలో కనీసపు ఛార్జీని 8 రూపాయలనుండి 5 రూపాయలకు తగ్గించారు. 1874 నాటి సూత్రం మళ్ళీ జ్ఞప్తికి వచ్చిందన్నమాట. ప్రయాణికులు తిరిగివచ్చారు. కాని క్రొత్త బస్సులను సంస్థ కొనడం మాని, ప్రైవేటు గుత్తేదారుల బండ్లను డ్రైవరుతో సహా అద్దెకు తీసుకొనే పద్ధతికి ఎక్కువగా మొగ్గింది. 2025 నాటికి సొంత బస్సులు వేయికి లోపే మిగిలినవి. బండి ఎరుపే, డ్రైవరు మాత్రం ఇంకొకరి జీతగాడు. 1947లో నగరం కొన్నదానిని ఉత్తర్వు లేకుండా, వేలం లేకుండా, కొంచెం కొంచెంగా నగరమే వదలుకొంటున్నది.

ఈ పద్ధతిని సమర్థించేవారు లెక్కల పుస్తకం చూపుతారు. వారు 2020 మార్చిని కూడ చూడవలె. మహమ్మారి కాలంలో లోకల్ రైళ్ళు ఆగిపోగా, ఆసుపత్రులకు పోవలసిన నర్సులను, వీధులు ఊడ్చేవారిని, నీటి పంపుల వద్ద పనిచేసేవారిని మోసినది బస్సే. ఆ సేవలో పలువురు డ్రైవర్లు, కండక్టర్లు ప్రాణాలు కోల్పోయారు. ఆ నెలలలో బస్సు లాభమెంత, నష్టమెంత అని ఎవరూ అడగలేదు.

1937లో మొదలైన రెండంతస్తుల పాత బస్సులలో చివరిది 2023 సెప్టెంబరులో ఆగిపోయింది. విద్యుత్తుతో నడిచే చల్లని రెండంతస్తుల బస్సులు కొన్ని వాటి స్థానంలో వచ్చినవి. 2025 మే నెలలో కనీసపు ఛార్జీ 5 రూపాయలనుండి 10 రూపాయలు అయినది. ఆ యేడు అక్టోబరులో కొలాబా ప్రక్కనున్న కఫ్ పరేడ్ వరకు భూగర్భ మెట్రో వచ్చింది. మొదటి బస్సు తిరిగిన ప్రాంతం క్రిందుగానే హుతాత్మా చౌక్‌ను, శివాజీ టెర్మినస్‌ను తాకుతూ ఆ రైలు పోతుంది. దానిలోను కనీసపు టికెట్టు 10 రూపాయలే. ఐతే దూరం పెరిగే కొద్దీ అది 70 రూపాయల వరకు పోతుంది. పైగా మెట్లు దిగవలె, సోదా దాటవలె, చేతిలో బరువు ఉంటే వెనుకాడవలె. క్రాఫర్డ్ మార్కెట్టులో పండ్లబుట్ట కొన్న ముసలమ్మ పైనే, వీధి అంచున, బస్సు వచ్చే దిక్కుకు చూస్తూ నిలబడుతుంది.